పైన మేనకోడలు, కింద నేను: గద్ద వెంట తొండూరు దాకా

ప్రొద్దుటూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకునే నాలాంటివాడికి గద్దలతో ఏం పని అని మీరు అడగొచ్చు. నాకేం పని లేదు. పని మా అక్క కూతురు పావనిది. ఆ పిల్ల బెంగళూరులో గద్దల మీద పరిశోధన చేస్తోంది. గద్ద రెక్క ఆడించకుండా గంటలకొద్దీ పైన ఎట్లా తిరుగుతుంది, ఏ గాలిని పట్టుకుంటుంది, ఆ గాలిని ఎప్పుడు వదిలేస్తుంది, ఇదీ ఆమె చదువు. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న వినగానే నవ్వాను. గద్ద ఎట్లా ఎగిరితే మనకేంది, మాంసం అంగడి మీద పడకుంటే చాలదా అన్నాను. చదువు కంప్యూటర్లో ఉన్నంతకాలం ఇంట్లో ఎవరికీ బాధ లేకపోయింది. గద్ద పోయే దారిలో తాను కూడా గుడ్డ రెక్క కట్టుకుని, ఇంజను గింజను లేకుండా ఎగిరి చూస్తానని పావని చెప్పిన రోజు మా అక్క అన్నం కంచం వదిలి లేచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నాకు ఫోన్ వచ్చింది. "రేయ్ సుబ్బా, అది నా మాట వినదు. బెంగళూరులో రెండేండ్ల నుంచి నేర్చుకుంటాండాదంట, నాకు నిన్న చెప్తాంది. నువ్వు పో దానెంబడి. ఎట్ల పైకి పోయిందో అట్లనే కిందికి దిగాల. దిగితేనే నువ్వు మా గడప తొక్కు."

"నేనేం చేయాలక్కా, కింద దుప్పటి పట్టుకోవాల్నా?"

"నీ ఎకసెక్కాలు ఈ ఒక్క దినం అంగట్లో పెట్టి తాళమెయ్."

ఊళ్లో నా పేరు అట్లాంటిది. నేను నిజం చెప్పినా నలుగురు నవ్వి, ఒకడు చప్పట్లు కొడతాడు. సరే, ప్రయాణం సంగతికి వస్తాను. గండికోట చూడటానికి వచ్చేవాళ్లు ఈ మధ్య కొండ అంచున నిలబడి ఫొటో దిగి పోవడం లేదు, ఎగరడానికి యాడైనా చోటుందా అని అడుగుతున్నారు. అట్లాంటి ఆలోచన ఉన్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. పైకి పోవడం గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పేది కింద జరిగేదాని గురించి.

తెల్లవారక ముందే ప్రొద్దుటూరులో బయలుదేరాం. జీపు బాషాది. కువైట్లో తొమ్మిదేళ్లు ఎవరివో కార్లు తోలి, తిరిగొచ్చి సొంత జీపు కొనుక్కున్నాడు. రోజుకు మూడు వేలు, డీజిలు మనదే. మంచి డ్రైవరు, కాకపోతే నోరు మూయడు. ఊరి బయట చెత్త కుప్పల దగ్గర చింతచెట్ల మీద గద్దలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. వాటిలో ఒకదాని వీపున పావని వాళ్లు అనుమతులన్నీ తీసుకుని పోయిన నెలలో చిన్న పరికరం కట్టారు. పెళ్లిపత్రిక అంత బరువు కూడా ఉండదు. అది గద్ద ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత బిగువుగా చుట్టు తిరుగుతోంది అన్నీ ఫోనుకు పంపుతుంది. పావని దానికి ఏదో నంబరు పెట్టుకుంది. నేను తాసిల్దారు అని పేరు పెట్టాను. ఒక్క రెక్క కూడా కదపకుండా కడుపు నింపుకునే ప్రాణికి అంతకంటే తగిన పేరు నాకు తోచలేదు. ఈ తాసిల్దారు పది పన్నెండు రోజులుగా పొద్దున జమ్మలమడుగు అవతలి కొండల మీదికి పోయి, ఎండెక్కాక అక్కడినుంచి దక్షిణంగా జారుకుంటూ తొండూరు, పులివెందుల వైపు పోతున్నాడు. పావని ఎగరబోయేది ఆ దారినే.

జమ్మలమడుగు బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాం. ప్లేటు నలభై. బజ్జీ మిరపకాయను నమ్మకండి, చూడటానికి సాధువులా ఉంటుంది. గుడ్డ రెక్క మడిచిన సంచి మా పక్కన మంచమంత జాగా ఆక్రమించింది. వడ్డించే ఆమె దాన్ని రెండుసార్లు తట్టి చూసింది.

"ఏందప్పా ఇది?"

"ఇల్లు. విప్పితే మూడు గదులు."

"బాత్‌రూం?"

"అది బయట."

ఆమె తల ఊపి, "మా వదినకు చెప్తా, అద్దె కట్టలేక సస్తాంది" అని పోయింది. పావని నవ్వలేదు. ఫోనులో పటం తెరిచి నా ముందు పెట్టింది. ఆ పిల్ల ముఖం చూసి నేను బజ్జి పక్కన పెట్టాను.

"మామా, పైన నా సంగతి నేను చూసుకుంటా. నేను దిగేదానికి మూడు చోట్లు చూసి పెట్టుకున్నా. ముద్దనూరు దగ్గర ఒకటి, తొండూరుకు ముందు ఒకటి, తొండూరు దాటినాక ఈ బీడు ఒకటి. మూడో దాని చుట్టూ ఒకవైపు చీనీ తోటలు, ఒకవైపు అరటి తోటలు, ఇంకోవైపు కరెంటు తీగలు. ఆ బీడు తప్పితే దిగే తావే లేదు. దీనికి బ్రేకు లేదు, హారను లేదు. కిందికొచ్చినాక మళ్లీ పైకి లేవదు. నేను దిగేటప్పుడు నేల ఖాళీగా ఉండాల. అదొక్కటే నీ పని."

"అంతేనా?"

"అంతే. ఒక్క మనిషి నాకు అడ్డమొచ్చినా, తప్పించబోతే తీగల మీదికే పోతా."

ఇంత చదువు చదివిన పిల్ల నాకు ఇచ్చిన పని ఖాళీ నేలను ఖాళీగా ఉంచడం. అంత సులభమైన పని నా జన్మలో ఎవరూ చెప్పలేదనుకున్నాను.

గండికోట రోడ్డులో కొంత దూరం పోయి కుడిచేతి మట్టిబాటలో దిగితే కొండ అడుగు వస్తుంది. అక్కడినుంచి నడకే, ముప్పావు గంట. నీళ్లు మీరే మోసుకోవాలి, పైన ఏమీ దొరకవు. దారిలో బాషా చేల గట్ల మీద కొత్తగా పాతిన సర్వే రాళ్లను చూపించి తన గోడు మొదలుపెట్టాడు. వాళ్లది పెద్దముడియం మండలం. డ్రోను ఎగరేసి భూముల రీసర్వే చేసినప్పుడు వాడు కువైట్లో ఉన్నాడు. వచ్చి చూస్తే రెండెకరాలకు అర ఎకరా తక్కువ చూపిస్తోందట.

"చేన్లో నేనుండి ఉంటే తక్కువయ్యేదా మామా? నిలబడినోడిదే నేల. మా పక్కచేనోడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీదనే కూచున్నాడంట, డ్రోనుకు కనపడాలని."

"డ్రోను మనిషిని చూసి కొలుస్తుందా రా?"

"ఏమో. వానికి మాత్రం పెరిగింది."

నేను నవ్వి ఆ మాటను మర్చిపోయాను.

కొండ మీద ఎండ చుర్రుమనేదాకా కూర్చున్నాం. ఈ లోపల పావని నాకు గాలి పాఠం చెప్పింది. కోత అయిపోయిన శనగ చేలు నల్లరేగడి కదా, ఎండకు ముందు అవి కాగుతాయి. అక్కడి గాలి వేడెక్కి, అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరి లేచినట్లు నిలువు కంబంలా పైకి లేస్తుంది. గద్ద ఆ కంబంలోకి దూరి గుండ్రంగా తిరిగితే చాలు, గాలే మోసుకుపోతుంది. పైకి చేరాక ఆ కంబం వదిలి జారుకుంటూ ఇంకో కంబం దాకా పోతుంది. మనకు కనపడని ఆ కంబాన్ని గద్ద ఎట్లా కనిపెడుతుంది, చుట్టు ఎంత బిగించాలో ఎట్లా తెలుసుకుంటుంది అన్నది పావని ప్రశ్న. గద్ద వీపున ఉన్నట్లాంటి పరికరమే ఆమె మెడలోనూ ఉంది. ఇద్దరూ ఒకే గాలిలో తిరిగితే, మనిషి ఎక్కడ తప్పు చేస్తాడో, గద్ద ఎక్కడ చేయదో తెలుస్తుందట. ఆ లెక్క తేలితే ఇంజను లేని విమానాలకు, బ్యాటరీ తక్కువ తినే డ్రోన్లకు పనికొస్తుందని చెప్పింది.

పదకొండు దాటాక తాసిల్దారు వచ్చాడు. మా తలల మీద రెండు చుట్లు తిరిగి, తీగ పట్టుకుని లాగినట్లు పైకి పోయాడు. పావని రెక్కను నేల మీద పరిచి, తాళ్లు సరిచూసుకుని, హెల్మెట్ బిగించుకుంది. గాలి ఎదురు వచ్చేదాకా ఆగింది. తర్వాత వాలు మీద కిందికి పరిగెత్తింది. నాలుగడుగులు నేల మీద పడ్డాయి, ఐదోది గాలిలో పడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ పిల్ల నా కంటే ఎత్తులో ఉంది. బాషా మెల్లగా "యా అల్లా" అన్నాడు. నేను కూడా ఏదో దేవుణ్ణి పిలిచాను, ఎవరినో గుర్తులేదు.

ఇక కొండ దిగడం, జీపెక్కడం, పరుగు. నా చేతిలో ఒక వాకీటాకీ, ఒక ఫోను. ఫోనులో రెండు చుక్కలు, ఒకటి గద్దది, ఒకటి పావనిది. జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు రోడ్డు పట్టుకున్నాం. ముద్దనూరు ముందర నాపరాళ్ల లారీ ఒకటి టైరు పగిలి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. అక్కడే ఫోనులో నెట్ సిగ్నలు పోయింది. రెండు చుక్కలు పటంలో కదలకుండా ఉండిపోయాయి. కదలని చుక్క అంటే సిగ్నలు లేనట్టా, లేక ఇంకేమైనా జరిగినట్టా అని బాషా అడిగాడు. ఆ ప్రశ్న అడిగినందుకు వాణ్ణి అక్కడే దింపేద్దామనుకున్నాను, కానీ జీపు వానిది. మా అక్క ఫోను మాత్రం ఆ నెట్ లేని చోట కూడా రెండుసార్లు వచ్చింది. ఎత్తలేదు.

లారీ పక్కనుంచి చేన్లోకి దించి దాటాం. అప్పుడు వాకీటాకీలో గరగరమని గొంతు వచ్చింది. "మామా, ముద్దనూరు దాటినా. గద్ద నాకంటే పైన ఉంది. శానా బాగుంది ఈడ."  నొక్కాల్సిన బటను నొక్కి, ఊరికే ఊపిరి వదిలాను. "మామా, నువ్వేనా? ఎనుము రొప్పినట్లుంది" అన్నది. ఎగతాళి మా వంశంలో ఉందని అప్పుడు తెలిసింది.

తొండూరుకు ముందున్న రెండో చోటు మీదుగా చక్కగా పోయింది. తొండూరు దాటాక గాలి మారింది. రోడ్డు పక్కన దుమ్ము సుళ్లు లేవడం మొదలైంది. చేల చుట్టూ అడవిపందుల కోసం కట్టిన పాత చీరలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు కొట్టుకుంటున్నాయి. మళ్లీ గొంతు వచ్చింది, ఈసారి నవ్వు లేదు. "మామా, కంబం చేజారిపోయింది. గద్ద పైకి పోయింది, నేను పోలేకపోయినా. కిందికి వస్తాండా. మూడోదే. ఎంత దూరంలో ఉండావు?"

మేము అక్కడే ఉన్నాం. బీడు మా కళ్ల ముందుంది. ఖాళీగా లేదు.

మీరు పైన ఎగిరేవాళ్లయితే ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. మా వైపు ఆకాశంలో మనిషి కనపడితే జనం చూసి ఊరుకోరు, కాపాడతారు. ఊరు ఊరంతా బీట్లోకి వచ్చేసింది. మోటారు సైకిళ్ల మీద కొందరు, పరుగున కొందరు. ఒకాయన నిచ్చెన తెచ్చాడు, ఎందుకో నేటికీ తెలియదు. నలుగురు మగవాళ్లు శనగలు నూర్చేటప్పుడు కింద పరిచే పెద్ద టార్పాలిన్ పట్టను నాలుగు మూలలా పట్టుకుని తలలెత్తి నిలబడ్డారు. పావని ఎటు తిరిగితే ఆ పట్ట అటు పరిగెత్తింది, పట్ట వెనక ఊరు పరిగెత్తింది. పడితే పట్టుకోవాలని. మా అక్కతో నేను ఎకసెక్కానికి అన్న దుప్పటి అక్షరాలా నా కళ్ల ముందు పరుగెత్తుతోంది.

"మామా, వాళ్లను పక్కకు తీయి. నేను యాడికి తిరిగితే ఆడికే వస్తాండారు."

జీపు దిగి అడ్డంగా పరిగెత్తాను. "జరగండప్పా, జరగండి. ఆ పిల్ల పడటం లేదు, దిగుతాంది. ఖాళీ కావాల దానికి."

పట్ట మూల పట్టుకున్న తలగుడ్డాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వెవరు?"

"మేనమామను."

"ఏం మేనమామవప్పా నువ్వు. పిల్ల పైనుంచి పడతాంటే పట్టుకోవద్దంటావు. ఆస్తి తగాదా ఏమన్నా ఉండాదా?"

"లేదప్పా, అది పడదు. ఆ రెక్కతో నడిపించుకుంటాది."

"చెడ్డీలు ఆరేసే తాళ్లట్లుండాయి అవి. నడిపిస్తాదంట. రేయ్, ఇటు లాగండి పట్ట." అందరూ నన్ను తోసుకుని అటు పోయారు. నా జీవితంలో అంత నిజం అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కడు కూడా వినలేదు.

పావని తీగలకు ఇవతల వంపు తిరుగుతోంది. కాళ్లు, బూట్ల అడుగులు కనపడుతున్నాయి. అప్పుడు నాకు బాషా మాట గుర్తొచ్చింది. జీపు బానెట్టు మీదికి ఎక్కాను.

"అప్పా, ఇది రీసర్వే. ఆ రెక్కకు కెమెరా కట్టినారు. ఇప్పుడు ఎవరు యాడ నిలబడింటే ఆ నేల వాళ్ల పేరున ఎక్కుతాది. చేన్లో మనిషి లేకుంటే పక్కోడికి పోతాది. ఈ బీట్లో నిలబడినోళ్లకు ఈ బీడే."

తలలన్నీ ఆకాశం నుంచి చేల వైపు తిరిగాయి. తలగుడ్డాయన పట్ట మూల వదిలేశాడు. "మా తమ్ముడేడి?" అని మాత్రం అడిగాడు.

"వాడు పోయినాడే ఇంతకుముందే చేన్లోకి" అన్నారు ఎవరో.

ఆయన తలగుడ్డ చేతిలో పట్టుకుని పరిగెత్తాడు. తర్వాత నిచ్చెన కింద పడింది. మోటారు సైకిళ్లు చీరలు తెంపుకుని పోయాయి. ముసలివాళ్లు పంచెలు ఎగ్గట్టారు. కాపాడటానికి వచ్చిన ఊరు వచ్చిన దానికి రెండింతల వేగంతో నాలుగు దిక్కులా కరిగిపోయింది. వెనక్కి తిరిగితే బాషా పెద్దముడియం వైపు చూస్తున్నాడు. "ఆడిదాకా కనపడదు గదా మామా కెమెరాకు?" అన్నాడు. అబద్ధం నా నోట పుట్టడం చూసినవాడు అడిగిన ప్రశ్న అది.

నవ్వబోయి బీడు వైపు చూశాను. నడిమధ్యలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చుట్టూ గొర్రెల మంద.

పరుగెత్తి దగ్గరికి పోయాను. అరవై దాటిన మనిషి, పేరు ఓబులేసు అని తర్వాత తెలిసింది. కర్ర మీద గడ్డం ఆనించి నన్ను చూస్తున్నాడు.

"నువ్వు పోలేదేం మామా?"

"యాడికి పోవాల? నాకు సెంటు భూమి లేదు." తర్వాత కర్రను నేలలో గట్టిగా గుచ్చాడు. "ఈ బీట్లో నిలబడితే ఈ బీడే అంటివి గదా. ఊహ తెలిసినప్పట్నుంచీ ఈడనే మేపుతాండా. నేను కదల్ను."

ఊరంతటినీ ఖాళీ చేయించిన నా అబద్ధం ఆ ఒక్కడిని మాత్రం నేలలో పాతిపెట్టింది. వాకీటాకీ గరగరమంది. "మామా, గొర్రెలు. ఒక్క చుట్టు తిరగ్గలను. అంతకంటే ఎత్తు లేదు." ఇంకో అబద్ధం కోసం వెతికాను. మంత్రి పేరు, పులి పేరు, పిడుగు పేరు, ఏవీ నోటికి రాలేదు. వచ్చినా, బీడే దొరుకుతుందన్న మాట కంటే పెద్ద మాట నా దగ్గర ఏముంది.

"అది అబద్ధం మామా" అన్నాను ముసలాయనతో.

ఆయన ముఖం మారలేదు. "నాకొక్కనికా, అందరికీనా?"

"అందరికీ. సర్వే లేదు, గిర్వే లేదు. ఆ పైనున్నది మా అక్క కూతురు. ఈడ దిగకుంటే తీగల మీదికి పోతాది."

ఓబులేసు తలెత్తి పావనిని చూశాడు. నేలలో గుచ్చిన కర్రను పీకాడు. నేను గొర్రెలను తరమడానికి చేతులెత్తాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తరిమితే చెదురుతాయి. పరిగెత్తొద్దు, అరవొద్దు. ఆ పిల్లనెత్తుకో." పిల్ల అంటే గొర్రెపిల్ల. ఆయన ఒకదాన్ని సంకన వేసుకున్నాడు, నేను ఒకదాన్ని రొమ్ముకు హత్తుకున్నాను. అవి అరిచాయి. తల్లులు వెనక వచ్చాయి, తల్లుల వెనక మంద కదిలింది. అంతా నడకే. తలమీద నా మేనకోడలు గాలి కోల్పోతూ దిగుతోంది, నేను పెళ్లి ఊరేగింపులో పెద్దమనిషిలా అడుగులో అడుగు వేస్తున్నాను. నా కాళ్లు పరిగెత్తబోయినప్పుడల్లా ఓబులేసు "మెల్లగప్పా, మెల్లగ" అన్నాడు. గొర్రెపిల్ల నా చొక్కా మీద మూత్రం పోసింది. రెక్క నీడ మా మీదుగా పోయింది. గద్ద నీడనుకుని గొర్రెలన్నీ ఒక్క ముద్దలా దగ్గరికి చేరాయి, ఆగిపోయాయి.  కానీ అప్పటికి మేము అంచు దాకా వచ్చేశాం.

వెనక గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. తర్వాత బరువైన చప్పుడు. తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఓబులేసే చూశాడు.

"దిగిందిలే" అన్నాడు. "కూచోనుండాది."

మోకాలు గీరుకుపోయింది, మోచేతికి మట్టి. అంతే. నేను గొర్రెపిల్లతో సహా పోయి ఎదురుగా నిలబడితే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "గద్ద యాడికి పోయింది మామా?" ఫోను చూశాను. తాసిల్దారు పులివెందుల మీద చుట్టు తిరుగుతున్నాడు, అరటి మండీ వైపు. ఆమె మెడలో పరికరం పచ్చగా మిణుకుతోంది. మా అక్కకు ఫోను చేసి, "గడప తుడిచి పెట్టు, వస్తాండా" అన్నాను. అవతల ఏడుపు వినిపించింది, తర్వాత తిట్లు. ప్రాణం కుదుటపడింది.

రెక్క మడుస్తూ పావని చుట్టూ చూసింది. ప్రతి చేన్లో ఒక మనిషి నిట్టనిలువుగా ఎండలో నిలబడి ఉన్నాడు. తలగుడ్డాయనా, ఆయన తమ్ముడూ ఒకే సర్వే రాయి మీద చెరొక కాలు పెట్టుకుని ఒకరినొకరు చూడకుండా ఉన్నారు. సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "పోయి చెప్పు మామా, అబద్ధమని. అందరికీ." పోయాను. చేను చేనుకూ తిరిగి చెప్పాను. తలగుడ్డాయన విన్నాడు, తల ఊపాడు. "సరేలే అప్పా, నువ్వు పో. వాడు దిగితే నేను దిగుతా" అన్నాడు. మేము జీపెక్కే దాకా ఒక్కడు కూడా కదల్లేదు. బహుశా పొద్దుగూకే దాకా ఉండి ఉంటారు.

ఓబులేసు మంద మళ్లీ బీడు మధ్యకు వచ్చేసింది. ఆయన పావని దగ్గరికి వచ్చాడు.

"అమ్మీ, నీకాడ కెమెరా అన్నా ఉండాదా, అదీ అబద్ధమేనా?"

"ఉంది తాతా. గద్దను చూసేదానికి. కిందికి కూడా పడుతుంది."

"నేను పడింటానా?"

"పడే ఉంటావు. గొర్రెలతో సహా."

"ఈ బీట్లో నిలబడినట్లేనా?"

"నడిమధ్యలో."

"చాల్లే" అని ఆయన మంద వైపు తిరిగిపోయాడు.

పులివెందులలో మధ్యాహ్నం మూడు దాటాక సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాం. మనిషికి నూట ఇరవై. నా చొక్కా వాసనకు పక్క బల్ల ఖాళీ అయింది, జాగా బాగా దొరికింది. బాషా రెండుసార్లు వడ్డించుకుని, "మామా, ఇంత చదివిన పిల్ల గద్ద కంటే ముందే ఎందుకు దిగింది?" అని అడిగాడు. పావని చెప్పింది, "గద్ద ఆ కంబం పోతుందని నాకంటే ముందే కనిపెట్టింది. ఎట్ల కనిపెట్టిందో తెలుసుకునేదానికే ఇదంతా." తర్వాత ఆ వారంలోనే కెమెరా బొమ్మల్లోంచి ఒకటి తీసి పంపింది. పైనుంచి తీసింది. బూడిద రంగు బీడు, మధ్యలో గొర్రెల ముద్ద, దాని నడుమ కర్ర పట్టుకున్న చుక్కంత మనిషి. పెద్దదిగా అచ్చు వేయించి, అద్దం కట్టించి, బాషాతో పంపాను. ఓబులేసు దాన్ని ఇంట్లో మేకుకు తగిలించాడట. వచ్చినవాళ్లకు "సర్వే అప్పటిది" అని చెప్తున్నాడట. అది అబద్ధమని అనడానికి నాకు నోరు రాలేదు.

నేను చాలామందిని చాలా రకాలుగా ఏమార్చాను. చాలావరకు వాళ్లు నమ్మాలనుకున్నదే నేను చెప్పాను, అందుకే సులభంగా సాగింది. ఆ రోజు ఊరికి నిజం పనికిరాలేదు, అబద్ధం వెంటనే పనిచేసింది. ఆ ఒక్క మనిషి దగ్గర మాత్రం నేను మొదట ఇచ్చింది వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది, అయినా ఆయన గొర్రెపిల్లను ఎత్తుకున్నాడు. పైన గాలి ఎట్లా లేస్తుందో, ఎప్పుడు వదిలేస్తుందో పావని ఇంకా వెతుకుతూనే ఉంది. కింద మనిషి ఎందుకు కదులుతాడో, ఎందుకు కదలడో ఎవరు వెతుకుతారో నాకు తెలియదు. ఇప్పటికీ ఆకాశంలో గద్ద కనపడితే ముందు దాని కింద నేల మీద ఎవరున్నారా అని చూస్తాను.

మీరు మా వైపు ఎగరడానికి వస్తే ఒక్క సలహా. దిగబోయే చోటికి ముందురోజే పోండి. ఊళ్లో చాటింపు వేయించండి, పట్టలు పట్టుకుని రావద్దని చెప్పండి. కానీ అంతకంటే ముందు, ఆ నేల రికార్డులో ఎవరి పేరున ఉందని అడగకండి. దాని మీద రోజూ మేపుకునేది ఎవరో కనుక్కుని, ఆయన పక్కన కూర్చుని, నిజం చెప్పండి.